డిశ్చార్జి తర్వాత ఇంట్లో: "వీడు ఏ పనీ చెయ్యడు" అనే ముందు

స్కిజోఫ్రేనియాకో, తీవ్రమైన డిప్రెషన్‌కో చికిత్స పొంది ఇంటికి వచ్చిన వ్యక్తి గురించి నల్లగొండ, పాలమూరు ఊళ్లలో ఇంటివారు తరచుగా అనే మాట "తిని పండుకుంటడు, ఏ పనీ చెయ్యడు" అనేదే. చెవిలో మాటలు వినిపించడం, అనుమానాలు వంటివి మందులతో తగ్గిన తర్వాత కూడా, పనికి పూనుకునే చొరవ లేకపోవడం జబ్బు లక్షణంగానే చాలాకాలం మిగిలిపోవచ్చు కనుక, దానిని బద్ధకమని తిట్టడం మొదట మానుకోవాలి.

ముందుగా ఒంటి సంగతి చూడాలి. రాత్రి నిద్ర పడుతున్నదా, పొద్దున లేవలేనంత మత్తుగా ఉంటున్నదా, చేతులు వణుకుతున్నాయా అనేది వారం రోజులు నోటుబుక్కులో రాసి డాక్టరుకు చూపించండి. స్కిజోఫ్రేనియాకు ఇచ్చే ఒలాంజపైన్ వంటి మందులు ఆకలినీ బరువునూ పెంచుతాయి. మత్తు ఎక్కువైతే మోతాదునో, వేసుకునే వేళనో డాక్టరు మార్చగలరు, కానీ ఇంటివారే మందు ఆపకూడదు. పత్తి చేనుకు తెచ్చిన పురుగుమందు డబ్బాలను ఇంట్లో ఉంచకండి. చావు మాట ఎత్తితే గద్దించకుండా, ఒంటరిగా వదలకుండా, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.

మనిషి అవసరాలను 1943లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త అబ్రహాం మాస్లో తిండి, నిద్రలతో మొదలుపెట్టి భద్రత, ఆప్యాయత, గౌరవం మీదుగా ఒక వరుసలో చెప్పాడు. కింది మెట్టు పూర్తయితే తప్ప పైదానికి పోలేమని చాలామంది అనుకుంటారు గానీ, ఆ వరుస అంత బిగుతైనది కాదని ఆయనే రాశాడు. కడుపునిండా పెట్టినా, బోనాల ఖర్చు గురించి అందరినీ అడిగి తనను ఒక్కడినే అడగకపోతే ఆ మనిషి ముడుచుకుపోతాడు.

అందుకే పని అప్పగించే తీరు ముఖ్యం. "ఏం చేస్తావు బిడ్డా?" అని అడిగితే జవాబు రాకపోవచ్చు, "బత్తాయి చెట్లకు నీళ్లు పెడతావా, కండెలు చుడతావా?" అని రెండు చూపితే ఎంచుకోవడం తేలికవుతుంది. ఆ పని ఇంటికి నిజంగా అవసరమైనదై ఉండాలి, ఎందుకంటే ఊరికే కాలక్షేపానికి ఇచ్చిన పనిని ఎవరైనా ఇట్టే పసిగడతారు. మొదట పావుగంట చాలు, రోజూ అదే వేళకు. ఉత్సాహం వచ్చాక మొదలుపెడదామని ఆగవద్దు. చాలాసార్లు పనిలో దిగాకే అది మెల్లగా వస్తుంది. ఆలస్యమవుతున్నదని మధ్యలో చేతిలోంచి లాక్కొని మీరే పూర్తిచేస్తే మాత్రం నెల రోజుల శ్రమ ఒక్క పూటలో పోతుంది.

మందుల విషయంలోనూ ఇదే పద్ధతి. "మా కోసం వేసుకో" అనడం కన్నా అతనికి ఏం కావాలో తెలుసుకోవడం మేలు. మళ్లీ ఆటో నడపాలన్నది అతని కోరికైతే, మందు ఆగినప్పుడు ఏమైందో, ఆటో ఎందుకు ఆగిందో అతనితోనే చెప్పించండి, ఎప్పటి నుంచి నడపవచ్చో డాక్టరును అతన్నే అడగనివ్వండి. జబ్బు తిరగబెడితే ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందుగానే రాసిపెట్టుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. మనసు కుదుటపడి ఉన్న రోజుల్లోనే ఆ కాగితం రాయించాలి.

తల్లిదండ్రులు ముంబైకో పుణెకో వలస పోయే ఇళ్లలో, బయలుదేరే ముందే మందులిచ్చేది ఎవరో, చీటీ ఎక్కడుందో, తదుపరి చూపించుకునే తేదీ ఎప్పుడో అవ్వకూ, పక్కింటివారికీ ఆ వ్యక్తి ఎదుటే, అతని ఒప్పుదలతోనే చెప్పి వెళ్లాలి.