డిగ్రీ తరువాత డ్రాయింగ్ టీచర్ కావాలంటే: హైదరాబాద్ అభ్యర్థులకు అర్హతలు, దరఖాస్తు విధానం

బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) పూర్తి చేసి పాఠశాలలో చిత్రలేఖనం బోధించాలనుకునే వారు ముందుగా గ్రహించవలసిన సంగతి ఒకటుంది. గణితం, సాంఘిక శాస్త్రం వంటి సబ్జెక్టులకు ఉన్నట్లు డిగ్రీ, ఆపై బీఎడ్, ఆపై టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష), చివరికి డీఎస్సీ (ప్రభుత్వ ఉపాధ్యాయ నియామక పరీక్ష) అనే వరుస ఈ ఉద్యోగానికి వర్తించదు. తెలంగాణలో ఎడ్‌సెట్ ప్రవేశ పరీక్ష ద్వారా ప్రవేశం కల్పించే బీఎడ్‌లో గణితం, భౌతిక, జీవశాస్త్రాలు, సాంఘిక శాస్త్రం, భాషల మెథడాలజీలే (బోధనా పద్ధతులే) ఉంటాయి. చిత్రలేఖనానికి మెథడాలజీ లేదు. టెట్‌లో మొదటి పేపర్ 1 నుంచి 5 తరగతులకు, రెండో పేపర్ 6 నుంచి 8 తరగతులకు సంబంధించినవి. రెండో పేపర్‌లో ఎంచుకోవడానికి గణితం–సైన్సు, సాంఘిక శాస్త్రం అనే రెండు విభాగాలే కనిపిస్తాయి. 2024 డీఎస్సీలో ప్రకటించిన 11,062 పోస్టులు స్కూల్ అసిస్టెంట్లు, ఎస్‌జీటీలు (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులు), భాషా పండితులు, పీఈటీలు (వ్యాయామ ఉపాధ్యాయులు), ప్రత్యేక విద్యా ఉపాధ్యాయులకు చెందినవి కాగా, అందులో డ్రాయింగ్ టీచర్ పోస్టు ఒక్కటీ లేదు. కాబట్టి తోటి డిగ్రీ అభ్యర్థులు నడుస్తున్న దారినే పట్టుకుని రెండేళ్లు బీఎడ్‌కు వెచ్చించే ముందు, తాను కోరుకునే పోస్టు ఆ బీఎడ్‌ను నిజంగా అడుగుతున్నదా లేదా అని చూసుకోవాలి.

చట్టం ఈ సబ్జెక్టును పూర్తిగా విస్మరించలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టానికి జోడించిన షెడ్యూలు ప్రకారం, 6 నుంచి 8 తరగతుల్లో వంద మందికి పైగా పిల్లలున్న పాఠశాలకు కళావిద్య, ఆరోగ్య–వ్యాయామ విద్య, పనివిద్యలకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలి. సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకం కింద ప్రభుత్వ పాఠశాలల్లో పనిచేస్తున్న పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ల వ్యవస్థకు ఆధారం ఇదే. అయితే ఇవి ఒప్పంద ప్రాతిపదికన ఉండే కొలువులు. పూర్తికాలపు ఉద్యోగం కావాలనుకునే వారు గురుకులాలు, కేంద్రీయ విద్యాలయాలు, ఏకలవ్య ఆదర్శ గురుకులాలు, ప్రైవేటు పాఠశాలల వైపు చూడవలసి ఉంటుంది. వీటిలో ఒక్కొక్కటి ఒక్కో అర్హతను అడుగుతుంది. అందుచేత ఈ రంగంలో "సర్టిఫైడ్" అన్న మాటకు ఒకే పత్రం లేదు. డిగ్రీ, సాంకేతిక ధ్రువపత్రం, బోధనా శిక్షణ పత్రం అనే మూడింటిలో ఏవి అవసరమన్నది పోస్టు నిర్ణయిస్తుంది.

డిగ్రీ విషయం

హైదరాబాద్‌లో చిత్రకళా డిగ్రీ అనగానే మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ గుర్తుకు వస్తుంది. 2008లో విశ్వవిద్యాలయంగా ఏర్పడిన ఈ సంస్థలో నాలుగేళ్ల బీఎఫ్ఏ కోర్సులో పెయింటింగ్, శిల్పం, అప్లయిడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ, యానిమేషన్ వంటి శాఖలున్నాయి. ఇక్కడొక జాగ్రత్త అవసరం. పాఠశాల పోస్టుల ప్రకటనల్లో సాధారణంగా కనిపించే మాటలు డ్రాయింగ్, పెయింటింగ్, శిల్పం, గ్రాఫిక్ ఆర్ట్. యానిమేషన్ లేదా ఫొటోగ్రఫీ శాఖలో పట్టా పొందిన వారు తమ డిగ్రీ ఆ మాటల కిందికి వస్తుందో రాదో దరఖాస్తు చేయకముందే నియామక సంస్థ హెల్ప్‌డెస్క్‌కు రాసి, సమాధానాన్ని లిఖితపూర్వకంగా తీసుకుని దాచుకోవడం మంచిది. పరిశీలన రోజున నోటిమాట అక్కరకు రాదు.

బీఏ, బీకాం, బీఎస్సీ వంటి డిగ్రీలు చేసి, బొమ్మలు వేయడంలో చిన్నప్పటి నుంచి సాధన ఉన్నవారు కూడా ఈ ఉద్యోగం గురించి అడుగుతుంటారు. వారికి డిగ్రీ ఒక్కటే సరిపోదు. తరువాత చెప్పబోయే సాంకేతిక ధ్రువపత్రాలే వారికి ప్రధానమైన ఆధారం.

లోయర్, హయ్యర్, టీటీసీ

ఈ మూడింటి విషయంలో అభ్యర్థుల్లో గందరగోళం ఎక్కువ కనుక కొంత వివరంగా చెప్పుకోవాలి. తెలంగాణ ప్రభుత్వ పరీక్షల డైరెక్టరేట్ డ్రాయింగ్, టైలరింగ్–ఎంబ్రాయిడరీ సబ్జెక్టుల్లో టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు పరీక్షలను లోయర్, హయ్యర్ అనే రెండు స్థాయిల్లో నిర్వహిస్తుంది. ఇవి అభ్యర్థి చేతిపనిని పరీక్షించేవి. ఫ్రీహ్యాండ్ డ్రాయింగ్, జామెట్రికల్ డ్రాయింగ్, డిజైన్ వంటి అంశాల్లో కాగితం మీద పని చేసి చూపాలి. లోయర్ గ్రేడ్‌కు ఏడో తరగతి ఉత్తీర్ణత చాలు. హయ్యర్ గ్రేడ్‌కు పదో తరగతితో పాటు లోయర్ గ్రేడ్ కూడా పాసై ఉండాలి. టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) వీటికి భిన్నమైనది. అది బోధన ఎలా చేయాలో నేర్పే వేసవి శిక్షణ. 42 రోజుల పాటు, సాధారణంగా మే 1 నుంచి జూన్ 11 వరకు సాగుతుంది. పదో తరగతి, సంబంధిత సబ్జెక్టులో లోయర్ గ్రేడ్ పాసై, 18 నుంచి 45 ఏళ్ల మధ్య వయసున్న వారు దానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

లోయర్, హయ్యర్ పరీక్షలు సాధారణంగా ఏడాదికొకసారి, జనవరి ప్రాంతంలో జరుగుతాయి. ఈ ఒక్క విషయమే అభ్యర్థి ప్రణాళికనంతా నిర్ణయిస్తుంది. ఉదాహరణకు ఒక అభ్యర్థి జూన్‌లో డిగ్రీ ముగించి, ఆ తరువాతే ఈ పత్రాల గురించి ఆలోచించాడనుకుందాం. వచ్చే జనవరిలో లోయర్, మే–జూన్ నెలల్లో టీటీసీ శిక్షణ, ఆపై జనవరిలో హయ్యర్ పూర్తయ్యేసరికి డిగ్రీ చేతికొచ్చి ఏడాదిన్నర దాటిపోతుంది. ఈలోగా గురుకులాల ప్రకటన వస్తే, ఎంత ప్రతిభ ఉన్నా ఆ పోస్టు కోరిన పత్రం చేతిలో లేకుండా దరఖాస్తు చేయలేడు. లోయర్‌కు ఏడో తరగతి, హయ్యర్‌కు పదో తరగతి మాత్రమే అడుగుతున్నప్పుడు డిగ్రీ పూర్తయ్యే వరకు ఆగవలసిన అవసరం ఏమీ లేదు. బీఎఫ్ఏ రెండో, మూడో సంవత్సరంలో ఉన్నప్పుడే ఈ పరీక్షలు రాసి ముగించుకోవాలని చదువుతున్న విద్యార్థులకు గట్టిగా చెప్పాలి. డిగ్రీ ఉన్నవాడికి ఏడో తరగతి స్థాయి పరీక్ష ఎందుకన్న చిన్నచూపుతో దీన్ని వదిలేసుకున్న ప్రతిభావంతులు తరువాత ఏళ్ల తరబడి వేచి ఉండవలసి వస్తున్నది. మంచి గీత ఉన్న ఒక యువకుడో, యువతో పిల్లల ముందు నిలబడకుండా పోవడానికి ఇంత చిన్న కారణం చాలకూడదు.

దరఖాస్తు ఇలా చేయాలి. పరీక్షకు కొన్ని వారాల ముందు డైరెక్టరేట్ వెబ్‌సైట్‌లో ప్రకటన వెలువడుతుంది. ఆన్‌లైన్ దరఖాస్తులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీలను పదో తరగతి మెమోలో ఉన్నట్లే అక్షరం పొల్లు పోకుండా నింపాలి. ఆధార్‌లో వేరుగా ఉంటే ముందు ఆధార్‌ను సరిచేయించుకోవాలి. రుసుము చెల్లించి, పూర్తయిన దరఖాస్తు ప్రింటు తీసి, విద్యార్హత పత్రాల నకళ్లను జతచేసి జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయంలో అందజేయాలి. గడువు దాటాక ఆలస్య రుసుముతో మరికొన్ని రోజులు అవకాశం ఇస్తారు కానీ, దాని మీద ఆధారపడటం తగదు. హయ్యర్‌కు వెళ్లేవారు లోయర్ మార్కుల మెమో నకలును తప్పక జతచేయాలి. టీటీసీ శిక్షణకు విడిగా ప్రకటన వెలువడుతుంది, విడిగానే దరఖాస్తు చేయాలి. శిక్షణ ముగిశాక రాత పరీక్ష ఉంటుంది. ఆ 42 రోజుల్లో హాజరు ముఖ్యం కనుక, అప్పటికే ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తున్న వారు యాజమాన్యంతో ముందే మాట్లాడుకోవాలి.

జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనల్లో దృశ్యకళల బోధనకు రెండేళ్ల ప్రత్యేక డిప్లొమాను కూడా రూపొందించింది. ఎక్కడైనా దానిలో చేరదలచినవారు ఆ సంస్థకు ఆ నిర్దిష్ట కోర్సుకే మండలి గుర్తింపు ఉందో లేదో ముందు నిర్ధారించుకోవాలి.

పోస్టులు ఎక్కడ, ఏమి అడుగుతాయి

రాష్ట్రంలో డ్రాయింగ్ అభ్యర్థులకు ఇటీవల వచ్చిన పెద్ద అవకాశం గురుకులాల నియామక బోర్డు 2023లో ఇచ్చిన ప్రకటనే. సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ, బీసీ, మైనారిటీ గురుకులాలన్నింటికీ కలిపి తొమ్మిది వేలకు పైగా పోస్టులు ప్రకటించగా, వాటిలో 130కి పైగా ఆర్ట్ టీచర్ పోస్టులున్నాయి. అభ్యర్థి ముందుగా బోర్డు వెబ్‌సైట్‌లో ఓటీఆర్, అంటే ఒకసారి చేసే వ్యక్తిగత నమోదు పూర్తి చేసి, ఆ తరువాత పోస్టుకు దరఖాస్తు పంపాలి. పరీక్ష కంప్యూటర్ మీద జరిగింది. ఓటీఆర్‌లో ఇచ్చిన వివరాలే దరఖాస్తులోకి వస్తాయి కనుక, అక్కడ తొందరపడి నింపితే తప్పు చివరి వరకు వెంటాడుతుంది.

కేంద్రీయ విద్యాలయాల్లో ఈ పోస్టును ఆర్ట్ ఎడ్యుకేషన్ టీజీటీ (ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచర్) అంటారు. 2022 ప్రకటనలో డ్రాయింగ్–పెయింటింగ్, శిల్పం లేదా గ్రాఫిక్ ఆర్ట్‌లో ఐదేళ్ల గుర్తింపు పొందిన డిప్లొమా లేదా దానికి సమానమైన డిగ్రీతో పాటు హిందీ, ఇంగ్లీషుల్లో పని జరుపుకోగల పరిజ్ఞానం అడిగారు. ఏకలవ్య గురుకులాల 2023 ప్రకటనలో ఫైన్ ఆర్ట్స్ డిగ్రీని అర్హతగా చూపారు. ఆ ప్రకటనల ప్రకారం ఈ రెండు చోట్లా బీఎఫ్ఏ వారికి నేరుగా తలుపు తెరిచి ఉంది. కానీ నియామక నిబంధనలు ప్రకటనకూ ప్రకటనకూ మారుతుంటాయి కనుక పాత ప్రకటనను సన్నద్ధతకు మాత్రమే వాడుకుని, కొత్తది రాగానే అర్హతల పేరాను పదం పదం చదవాలి. ఎంపికైతే దేశంలో ఎక్కడికైనా వెళ్లి పనిచేయడానికి సిద్ధపడాలన్నది కూడా ముందే ఇంట్లో మాట్లాడుకోవలసిన విషయం.

నగరంలోని ప్రైవేటు పాఠశాలలు చాలావరకు బీఎఫ్ఏ పట్టా, పోర్ట్‌ఫోలియో, డెమో క్లాసు చూసి తీసుకుంటాయి. పోర్ట్‌ఫోలియోలో సొంత చిత్రాలతో పాటు పిల్లలతో చేయించిన పని, ఒక తరగతికి ఏడాది పొడవునా ఏమి నేర్పుతారో తెలిపే పాఠ్య ప్రణాళిక ఉంచితే, బోధన గురించి ఆలోచించిన వ్యక్తి అని ప్రిన్సిపాల్‌కు అర్థమవుతుంది. డెమోలో తానే బోర్డు మీద అందమైన బొమ్మ వేసి చూపించడం కన్నా నలభై మంది పిల్లల చేత పెన్సిల్ పట్టించగలగడం ఎక్కువ విలువైనది.

పత్రాలు

రాష్ట్ర పోస్టులకు స్థానికత కీలకం. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం జిల్లా, జోన్, మల్టీజోన్ స్థాయి పోస్టుల్లో 95 శాతం స్థానికులకే చెందుతాయి. 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి స్థానికతను నిర్ణయిస్తారు. హైదరాబాద్ జిల్లా చార్మినార్ జోన్‌లో, రెండో మల్టీజోన్‌లో ఉంది. నగరంలో చాలా మంది బాల్యంలో రెండు మూడు పాఠశాలలు మారి ఉంటారు, వాటిలో కొన్ని మూతబడి కూడా ఉంటాయి. అందుకని ఆ ఏడేళ్ల బోనఫైడ్ పత్రాలను ప్రకటన రాకముందే సేకరించుకోవాలి. పాఠశాల మూతబడి ఉంటే దాని రికార్డులు ఎక్కడికి చేరాయో మండల విద్యాధికారి లేదా జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో ఆరా తీయాలి. బడికి వెళ్లకుండా చదివిన సంవత్సరాలకు తహసీల్దారు నుంచి నివాస ధ్రువపత్రం తీసుకోవాలి.

కుల, ఆదాయ ధ్రువపత్రాలకు మీసేవలో దరఖాస్తు చేయాలి. బీసీ అభ్యర్థులు రాష్ట్ర పోస్టులకు నాన్ క్రీమీలేయర్ పత్రాన్ని, కేంద్ర పోస్టులకు కేంద్ర నమూనాలోని ఓబీసీ పత్రాన్ని వేర్వేరుగా తీసుకోవాలి. తెలంగాణ బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు కనుక ఆ జాబితాను విడిగా చూసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) పత్రం ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. నిరుడు తీసుకున్నది ఈ ఏడాది దరఖాస్తుకు పనికిరాదు.

ధ్రువపత్రాల పరిశీలనకు పిలిచినప్పుడు ఒరిజినళ్లు, గెజిటెడ్ అధికారి ధ్రువీకరించిన రెండు సెట్ల నకళ్లు, దరఖాస్తు ప్రింటు, హాల్ టికెట్ తీసుకువెళ్లాలి. కాన్వొకేషన్ పట్టా ఇంకా రాని వారు ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో చూపవచ్చు. అయితే డిగ్రీ, హయ్యర్, టీటీసీ ఫలితాలన్నీ ప్రకటనలో పేర్కొన్న తేదీ నాటికే వెలువడి ఉండాలి, ఆ తేదీ మరుసటి రోజున పాసైనా లెక్కలోకి రాదు. అందువల్ల ప్రతి మెమో మీద ఉన్న ఫలితాల తేదీని ప్రకటనలోని తేదీతో సరిచూసుకున్న తరువాతే రుసుము చెల్లించాలి.