కబడ్డీ పిలకాయలకు గుండె నిబ్బరం – 4వ పాఠం: అవుటై కూర్చున్నప్పుడు

పోయిన పాఠంలో కూతకు పోయేముందు గీత దగ్గర ఊపిరి సరిచేసుకోవడం చూశాం. రోజూ చేస్తున్నావా? చెయ్యకపోతే దీన్ని పక్కనపెట్టి ముందు ఆ పని చూడు. ఊపిరి చెప్పినమాట వినకపోతే ఈ పాఠం అక్కరకు రాదు.

పట్టు నేర్పుతారు, గ్రౌండు చుట్టూ పరుగులు పెట్టిస్తారు, గుంజీలు తీయిస్తారు. అవుటై బయటికొచ్చి కూర్చున్న పిలగాడు అక్కడ ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు. ధైర్యం జారిపోయేది ఎక్కువగా అక్కడే అంటాను నేను.

రూలు నీకు తెలిసిందే. అవతల ఒకరు అవుటైతే ఇవతల ఒకరు లేస్తారు, ముందు అవుటైనవాళ్లే ముందు లేస్తారు. బోనస్ పాయింటుకు, అంటే రైడర్ బోనస్ గీత అవతల కాలు మోపి తెచ్చే పాయింటుకు, ఎవరూ లేవరు. అంటే మళ్లీ ఎప్పుడు లోపలికి పోతావో నీ చేతిలో లేదు. ఒక్కోసారి తర్వాతి కూతకే పిలుపొస్తుంది, ఒక్కోసారి ఆలౌట్ అయిందాకా అక్కడే. ఊరికే కూర్చున్న మనసు కుదురుగా ఉంటుందా? అయిపోయిన తప్పునే తిప్పితిప్పి చూపిస్తుంది.

కావలి దగ్గర ఒక ఊళ్లో సంక్రాంతి పోటీ అనుకుందాం. లెఫ్ట్ కార్నర్‌లో, అంటే ఎడమ చివర కాపుకాసే చోట, పదిహేనేళ్ల పాప. రైడర్ కాలు చాపీ చాపకముందే యాంకిల్ హోల్డ్‌కు, అంటే చీలమండ పట్టుకు, దూకింది. రైడర్ కాలు లాక్కుని గీత దాటేసింది, పాప అవుట్. మైకాయన "తొందరపడిందమ్మా పాప" అన్నాడు. గట్టుమీద నుంచి మేనమామ "ఎట్టా వదిలేసినావే దాన్ని!" అని అరిచాడు. ఆ మాటలే చెవుల్లో మోగుతుండగా లోపలికి పోతే రెండింటిలో ఒకటి జరుగుతుంది. భయపడి పట్టుకు పోనే పోదు, లేదా పోయిన పాయింటు ఇప్పుడే రాబట్టాలని మళ్లీ తొందరపడి దూకుతుంది.

అందుకని కూర్చోగానే ముందు ఒంటి సంగతి చూడు. మోచేతుల మీది మట్టి దులుపుకో. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదులు. వదిలే గాలి పొడుగైతే గుండె దడ కాస్త నెమ్మదిస్తుంది. మూడుసార్లు చాలు.

తర్వాత జరిగిన తప్పును ఒక్క వాక్యంలో, చేసిన పనిగా చెప్పుకో. "నేను పనికిరాను" అన్నది తీర్పు, దాంతో నువ్వు చెయ్యగలిగిందేమీ లేదు. "కాలి మీద బరువు పడకముందే దూకాను" అంటే దిద్దుకోవడానికి దారి దొరుకుతుంది. వెంటనే రెండో వాక్యం: "బరువు పడిందాకా ఆగుతా." అంతటితో ఆ లెక్క మూసెయ్యి. అద్దం ముందు నిలబడి "నేనే ఛాంపియన్" అని వందసార్లు అనమని చెప్పేవాళ్లున్నారు. నాకు దాని మీద నమ్మకం లేదు. పది పాయింట్లు వెనకబడి ఉన్నప్పుడు ఆ మాట నీకే నమ్మబుద్ధి కాదు.

ఇక అసలు పని కళ్లది. బయట కూర్చుంటే కోర్టు మొత్తం కనిపిస్తుంది, లోపల ఉన్నవాళ్లకు ఆ అవకాశం లేదు. అవతలి రైడర్ ఏ కాలు ముందు పెడుతోంది? ఎటు తిరుగుతోంది? మనవాళ్లు ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడే బోనస్ కదా, అప్పుడు దానికోసం కాలు చాపుతోందా, టచ్‌కే వస్తోందా? ఒక్క సంగతి పట్టుకో. పిలుపు రాగానే పక్కనున్న కవర్ (కార్నర్‌కు లోపలివైపు కాపుకాసే మనమ్మాయి) చెవిలో వెయ్యి. అట్టా పోయినదానివి తప్పు చేసి తిరిగొచ్చినట్టుండవు, కబురు మోసుకొచ్చినట్టుంటావు.

మేనమామలకూ నాన్నలకూ ఒక మాట. బిడ్డ బయట కూర్చున్నప్పుడు గట్టుమీద నుంచి సలహాలు విసరొద్దు. బండిమీద ఇంటికి తీసుకుపోయేటప్పుడూ అడగొద్దు. కడుపుకింత అన్నం తిన్నాక వాళ్లే చెబుతారు.

ఈ వారం అభ్యాసం: ప్రాక్టీసులో ఎవరు అవుటై బయటికొచ్చినా, లేచి లోపలికి పోయేముందు పక్కనున్నవాళ్లు ఒక ప్రశ్న అడగాలి: "ఇప్పుడొచ్చిన రైడర్ ఏ కాలు ముందు పెట్టింది?" జవాబు రాలేదంటే మనసు ఇంకా పాత కూతలోనే ఉన్నట్టు. ఎగతాళి చెయ్యకండి, మళ్లీ అడగండి. జట్టు దొరకని రోజు ఫోనులో ప్రో కబడ్డీ మ్యాచ్ పెట్టుకుని, బంతిలా ఎగిరే రైడర్‌ను వదిలేసి ఒక్క కార్నర్‌నే చూడు. పట్టు తప్పిన ప్రతిసారీ ఆపి, ఎందుకు తప్పిందో ఒక్క వాక్యం నోటుబుక్కులో రాయి.

వచ్చే పాఠం డూ ఆర్ డై రైడ్ గురించి. రెండు కూతలు ఉత్తవి పోయాక, మూడోదానికి గీత దాటేవాడికుండే 30 సెకన్లు. నోటుబుక్కు దగ్గర పెట్టుకో, అందులో రాసిన వాక్యాలతోనే మొదలుపెడతాం.