ఊపిరి గీత చదువుదాం – మూడో పాఠం: గుండె ఆగినప్పుడు ఆ అంకె

పోయిన పాఠం చివర ఒక చిక్కు ప్రశ్న ఇచ్చాను. గుండె ఆగిన మనిషికి ఊపిరి ఇవ్వడానికి నోట్లోంచి ట్యూబ్ వేశారు. చేత్తో నొక్కి గాలి పంపే అంబు బ్యాగ్ నొక్కగానే, వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ చూపే గీత మానిటర్ మీద లేచింది. రెండోసారి కాస్త పొట్టిగా, మూడోసారి ఇంకా పొట్టిగా లేచి, అయిదో ఊపిరికి చదునైపోయింది. ట్యూబ్ ఎక్కడుంది?

అన్నవాహికలో ఉంది. ట్యూబ్ వేయకముందు మాస్క్‌తో ఊపిరి ఇచ్చాం కదా, అప్పుడు రోగి వదిలిన గాలి కొంత పొట్టలోకి కూడా పోతుంది. అంతకుముందే అతను సోడా తాగి ఉన్నా ఇదే కథ. పొట్టలో ఉన్న ఆ కాస్త కార్బన్ డయాక్సైడ్ నాలుగైదు ఊపిరులకు అయిపోతుంది. అందుకే మొదటి గీత చూసి ఊపిరి పీల్చుకోకండి. వరసగా కనీసం ఏడు ఊపిరుల దాకా గీత నిలబడాలి.

గీత రాకపోతే చాలామంది చెప్పుకునే మాట ఒకటుంది: "గుండే ఆగింది, ఇంక గీత ఎక్కణ్ణుంచి వస్తుంది?" ఈ మాట ప్రాణాలు తీస్తుంది. ఛాతీ నొక్కుతూ ఉంటే, ట్యూబ్ శ్వాసనాళంలోనే ఉంటే, పొట్టిదైనా గీత దాదాపు ఎప్పుడూ కనిపిస్తుంది. బ్రిటన్‌లో శ్వాసమార్గ ప్రమాదాల మీద 2011లో వచ్చిన జాతీయ నివేదిక, ఐసీయూల్లో జరిగిన మరణాల్లో ఎక్కువ వాటికి కాప్నోగ్రఫీ, అంటే ఈ గీత చూపే ఏర్పాటు, లేకపోవడం కూడా ఒక కారణమని తేల్చింది. తర్వాత అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ అనస్థెటిస్ట్స్ "నో ట్రేస్, రాంగ్ ప్లేస్" అని ప్రచారం చేసింది. గీత లేదా, చోటు తప్పినట్టే. వెంటనే గొంతులోకి చూసే పరికరం లారింగోస్కోప్‌తో చూడండి. అనుమానం తీరకపోతే ట్యూబ్ తీసేసి మాస్క్‌తో ఊపిరి ఇవ్వండి.

ఇక ఇవాళ్టి పాఠం: గీత పక్కన ఉండే అంకె.

మన పాత పాఠ్యపుస్తకాల్లో కార్బన్ డయాక్సైడ్‌ను బొగ్గుపులుసు వాయువు అనేవారు. ఆ పేరంటే నాకిప్పటికీ ఇష్టమే. ఒళ్లంతా కణాల్లో తయారయ్యే ఈ వాయువు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరి బయటికి పోతుంది. టమాటా పంట అనుకోండి. పొలంలో కాయలు కుప్పలుగా పడి ఉన్నా, ఆటో కదలకపోతే రైతుబజారులో బుట్ట ఖాళీయే. ఇక్కడ పొలం శరీరం, ఆటో రక్తం, రైతుబజారు ఊపిరితిత్తులు. బుట్టలో ఎన్ని కాయలున్నాయో చెప్పేదే మానిటర్ మీది ఈటీసీఓటూ అంకె, అంటే వదిలే ఊపిరి చివర ఉన్న కార్బన్ డయాక్సైడ్ కొలత. గుండె ఆగినప్పుడు ఆటోను తోసేవి మీ చేతులు. కాబట్టి ఆ అంకెను రోగి రిపోర్టుగా కంటే మీ చేతుల రిపోర్టుగా చదవండి.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అది 35 నుంచి 45 మి.మీ. మెర్క్యురీ. గుండె ఆగి, కంప్రెషన్లు (ఛాతీ నొక్కడం) బాగా పడుతున్నప్పుడు 10 నుంచి 20 మధ్య తిరుగుతుంది. పది లోపు ఉంటే ముందు మన పనినే అనుమానించాలి. కనీసం 10, వీలైతే 20 దాటించాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2020 మార్గదర్శకాల సూచన. కొన్ని మానిటర్లు కిలోపాస్కల్‌లో చూపిస్తాయి. ఒక కిలోపాస్కల్ అంటే సుమారు 7.5 మి.మీ. తెర మీద 2 చూసి గాభరా పడేముందు పక్కన ఏ యూనిట్ ఉందో చూడండి.

ఇప్పుడొక ఊహా కేసు నడిపిద్దాం. వార్డులో 58 ఏళ్ల మనిషి కుప్పకూలాడు. కంప్రెషన్లు మొదలయ్యాయి, షాక్ ఇచ్చారు, ట్యూబ్ పడింది. గీత నిలబడింది, అంకె 14. నిమిషంన్నర గడిచేసరికి 12, తర్వాత 9. నొక్కుతున్న కుర్రాడు "నేను బాగానే ఉన్నా సార్" అంటున్నాడు. చెమటలు కారుతున్నా అందరూ అదే అంటారు, నేనూ అన్నాను. అతని మాట కంటే అంకెను నమ్మండి. రెండు నిమిషాలకు మనిషిని మార్చాలన్నది మామూలు నియమమే, అంకె పడిపోతే అంతకంటే ముందే మార్చొచ్చు. కొత్త చేతులు పడ్డాయి, అయిదారు సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. అంకె 16కి ఎక్కింది.

మళ్లీ 11కి దిగింది. నొక్కడంలో లోపం కనిపించడం లేదు. ఇప్పుడు అంబు బ్యాగ్ పట్టుకున్నవాళ్ల వైపు చూడండి. టెన్షన్‌లో చెయ్యి తెలియకుండానే వేగం పెంచుతుంది. ట్యూబ్ ఉన్నప్పుడు నిమిషానికి పది ఊపిరులు చాలు, అంటే ఆరు సెకన్లకు ఒకటి. అంతకంటే ఎక్కువ ఇస్తే వచ్చిన సరుకు వచ్చినట్టే బుట్టలోంచి ఖాళీ అయిపోతుంది, అంకె పడుతుంది. పైగా ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, అసలు నష్టం అదీ. ఇదే తిరగేసి చూస్తే, ఊపిరి తగ్గించి ఇస్తే అంకె దానంతటదే పెరుగుతుంది. అంకె కోసం ఆ పని చేయకండి.

అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము వెళ్లింది, అంకె రెండు మూడు తగ్గింది. ఇది మందు ప్రభావం కావచ్చు, కంప్రెషన్లు ఇచ్చేవాళ్లను తిట్టకండి. సోడియం బైకార్బొనేట్ ఇస్తే దీనికి వ్యతిరేకం: అది రక్తంలోని ఆమ్లంతో కలిసి కార్బన్ డయాక్సైడ్‌నే పుట్టిస్తుంది కాబట్టి అంకె గబుక్కున లేచి, కాసేపటికి దిగుతుంది. దాన్ని చూసి గుండె తిరిగొచ్చిందని కేకలు పెట్టిన గదిలో నేనూ ఉన్నాను.

మరి నిజంగా గుండె తిరిగి కొట్టుకుంటే? 16, 17 దగ్గర ఉన్న అంకె ఒక్కసారిగా 40 దాటి, అక్కడే నిలబడుతుంది. పొలంలో పేరుకున్న సరుకంతా ఆటో కదలగానే బజారుకొచ్చి పడినట్టు. నాడి చేతికి అందకముందే ఇది కనిపించొచ్చు. అయినా మధ్యలో చేతులు తీయకండి. రెండు నిమిషాల సైకిల్ పూర్తిచేసి గుండె లయ, నాడి చూడండి. తర్వాతి అడ్రినలిన్ డోసు మాత్రం ఆ నిర్ధారణ అయ్యేదాకా ఆపి ఉంచొచ్చు. కొట్టుకుంటున్న గుండెకు అది మేలు చేయదు.

ఇరవై నిమిషాల సంగతి చాలామంది అడుగుతారు. 1997లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. ఆసుపత్రి బయట గుండె ఆగి, ఈసీజీలో గీతలున్నా నాడి లేని 150 మందిని చూశారు. ఇరవై నిమిషాల ప్రయత్నం తర్వాత కూడా అంకె 10 దాటనివాళ్లలో ఒక్కరూ బతకలేదు. ఇది బలమైన సూచనే, కానీ ఆపేయడానికి ఇదొక్కటే కారణం కాకూడదు. ట్యూబ్ లేకుండా మాస్క్‌తో ఊపిరి ఇస్తుంటే గాలి లీకై అంకె తగ్గుతుంది, అక్కడ ఈ లెక్క వాడనే వాడకండి. ఊపిరితిత్తుల రక్తనాళంలో పెద్ద గడ్డ అడ్డుపడితే ఎంత బాగా నొక్కినా అంకె లేవదు. దానికి వేరే చికిత్స ఉంది.

ఇక మెషీన్ గొడవలు. చాలాచోట్ల సన్నని గొట్టంతో గాలి లాగి మానిటర్‌లో కొలిచే రకమే ఉంటుంది, దాని అంకె కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఒకసారి అంకె 2 చూపిస్తోందని నొక్కుతున్న అబ్బాయిని అందరం కేకలేశాం, నా గొంతే అందరికంటే పెద్దది. తీరా చూస్తే గొట్టం ట్రాలీ చక్రం కింద నలిగి ఉంది. అప్పట్నుంచి అంకె తగ్గితే నా కన్ను ముందు గొట్టం, అందులోని తేమను పట్టే వాటర్ ట్రాప్ చూసి, తర్వాతే మనుషుల వైపు తిరుగుతుంది. ఇంకో మాట, ఛాతీ నొక్కినప్పుడల్లా గీత మీద చిన్న రంపపు పళ్లు వస్తాయి. మానిటర్ వాటినీ ఊపిరులుగా లెక్కపెట్టి రేటు 110 అని చూపించొచ్చు. ఊపిరులు మీరే లెక్కపెట్టుకోండి.

వచ్చే పాఠానికి ప్రశ్న. చెరువులో మునిగిన ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి తెచ్చారు. నాడి లేదు. కంప్రెషన్లు ఇస్తూ ట్యూబ్ వేశారు, గీత బాగుంది, మొదటి అంకె 62. నిమిషం తిరిగేసరికి 15. కంప్రెషన్లు మారలేదు, ఊపిరులు సరిగ్గా పదే, గొట్టం శుభ్రంగా ఉంది. మొదట అంత ఎందుకుంది, ఎక్కడికి పోయింది? రైతుబజారు బొమ్మ గీసుకుని జవాబు రాయండి.