వైపర్ ఆగిపోతే మోటార్ కొనేముందు ఇవి చూడండి

కారు వైపర్ పనిచేయకపోతే చాలామంది నేరుగా మోటార్ మార్పించేస్తారు. దయచేసి తొందరపడకండి. ముందు అద్దం తడిపి, స్విచ్ వేసి వినండి. మోటార్ తిరుగుతున్న శబ్దం వస్తున్నా బ్లేడ్లు కదలకపోతే అసలది కరెంటు సమస్య కాదు. బ్లేడ్‌ని పట్టుకునే వైపర్ చేతి నట్టు వదులైందో, కింద లింకేజీ (మోటార్ కదలికని వైపర్ చేతులకి అందించే కడ్డీలు) ఊడిందో చూడాలి.

శబ్దమే లేకపోతే ఫ్యూజ్ చూడండి. కాలిపోతే పాతది ఎన్ని ఆంపియర్లదో అన్ని ఆంపియర్లదే వేయాలి. పెద్దది వేస్తే వైరింగే కాలుతుంది. ఫ్యూజ్ బాగుంటే వైపర్ స్విచ్ ఆన్‌లో ఉంచి మోటార్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటర్) పెట్టండి. 12 వోల్టులు వస్తూ, ఎర్త్ (కరెంటు తిరిగి బ్యాటరీ నెగటివ్‌కి వెళ్ళే దారి) కూడా సరిగా ఉండి తిరగకపోతే, అప్పుడు మోటార్‌ని అనుమానించాలి.

ఎర్త్‌నే ఎక్కువమంది వదిలేస్తారు, నా లెక్కన మోటార్‌ని అనుమానించేముందు చూడాల్సింది అదే. వైపర్ నీరసంగా తిరుగుతుంటే, అది నడుస్తుండగానే మీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది మోటార్ ఎర్త్ వైరుకి ఆనించండి. దాదాపు సున్నా చూపించాలి. అర వోల్టు దాటితే ఎర్త్ దారిలో ఎక్కడో తుప్పు పట్టిందనో, బోల్టు వదులైందనో అర్థం. గీకి శుభ్రం చేసి బిగిస్తే చాలాసార్లు మళ్ళీ చురుగ్గా తిరుగుతుంది, ఖర్చేమీ ఉండదు.

ఆపినప్పుడు బ్లేడ్లు అద్దం మధ్యలోనే నిలిచిపోతుంటే సాధారణంగా మోటార్‌లోని పార్క్ స్విచ్ (ఆపాక బ్లేడ్లని కిందికి చేర్చి ఆపేది) తేడా. ఆగి ఆగి తిరిగే సెట్టింగ్ ఒక్కటే పోతే రిలేనో (కరెంటుతో పనిచేసే స్విచ్), స్టీరింగ్ పక్కనుండే స్విచ్చో చూడండి.

లింకేజీలో వేళ్ళు పెట్టాల్సి వస్తే మాత్రం ముందు ఫ్యూజ్ పీకేయండి.