ఓల్డ్ బెయిలీ దొంగతనం కేసును చదివే పద్ధతి

లండన్‌లోని ఓల్డ్ బెయిలీ న్యాయస్థానంలో జరిగిన విచారణల నివేదికలు 1674 నుంచి 1913 వరకు అచ్చయ్యాయి. వాటిలో నేటికి మిగిలినవాటిని ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. పద్దెనిమిదో శతాబ్దపు దొంగతనం కేసు ఏది తెరిచినా, సాక్షులు ఏం చెప్పారో చూడటానికి ముందే పోయిన సొత్తుకు ఎంత వెల కట్టారో చూడాలి, ఎందుకంటే నిందితుల ప్రాణం చాలాసార్లు ఆ అంకె మీదే ఆధారపడి ఉండేది.

అప్పటి బ్రిటిష్ డబ్బులో 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. 1699 నాటి చట్టం ప్రకారం దుకాణంలో ఎవరి కంటా పడకుండా 5 షిల్లింగులు, అంతకు పైబడిన విలువగల సరుకు కాజేస్తే ఉరిశిక్షే. నివాస గృహాల్లో జరిగే దొంగతనాలకు 1713 నాటి చట్టం ఆ హద్దును 40 షిల్లింగులుగా నిర్ణయించింది. ఈ రెండు అంకెలను కాగితం మీద రాసి దగ్గర పెట్టుకుని, అభియోగంలో ఉన్న వెలను జ్యూరీ తీర్పులో పేర్కొన్న వెలతో పోల్చి చూడండి. అభియోగంలో కొన్ని పౌండ్లుగా ఉన్న ఇంటి సొత్తు తీర్పుకు వచ్చేసరికి 39 షిల్లింగులైనా, దుకాణం సరుకు 4 షిల్లింగుల 10 పెన్నీలైనా, జ్యూరీ సభ్యులు ఆ మనిషిని దోషిగా ప్రకటిస్తూనే ఉరికంబం నుంచి తప్పించారని దాదాపుగా చెప్పవచ్చు. పోయింది నగదే అయినా దానికి తక్కువ వెల కట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. అంత కఠినమైన చట్టం అమల్లో ఎలా మెత్తబడిందో ఇంత స్పష్టంగా చూపే ఆధారం మరొకటి నాకు కనిపించలేదు. అయితే వస్తువు పాతదనో చిరిగిందనో విచారణలో వాదన జరిగితే వెల నిజంగానే తగ్గి ఉండవచ్చు కాబట్టి, ఆ భాగం చదవకుండా నిర్ణయానికి రాకూడదు.

మరణశిక్ష విధించారని ఉన్నంత మాత్రాన ఉరి తీశారని అనుకోకూడదు. రికార్డర్ అనే న్యాయాధికారి ఆ ఖైదీల జాబితాను రాజుకు నివేదించేవాడు; 1718 చట్టం వచ్చాక, క్షమాభిక్ష దొరికినవారిలో చాలామందిని 14 ఏళ్లపాటు అమెరికా వలసలకు పంపేవారు. వెల తగ్గడంతో బతికిపోయినవారికి సాధారణంగా 7 ఏళ్ల ప్రవాసం పడేది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ దారి మూసుకుపోగా, 1787లో ఖైదీల నౌకలు ఆస్ట్రేలియాకు బయలుదేరాయి.

నిందితుడి మాటలు ఒకటి రెండు పంక్తుల్లో ముగిసినా అతనికి చెప్పుకోవడానికి ఏమీ లేదని భావించవద్దు. అమ్మకానికి అచ్చువేసిన ఈ నివేదికల్లో నిందితుల వాదనను తరచుగా కుదించేవారు; పైగా తీవ్ర నేరాల కేసుల్లో నిందితుడి తరఫు న్యాయవాదికి జ్యూరీని ఉద్దేశించి మాట్లాడే హక్కు 1836 వరకు లేదు. ఉరి నిజంగా అమలైందో లేదో తేల్చుకోవాలంటే, న్యూగేట్ జైలు మతాధికారుల పేరిట 1772 వరకు వెలువడిన వృత్తాంతాల్లో అదే పేరు వెతకాలి. ఖైదీ పుట్టిన ఊరు, నేర్చిన పని వంటి వివరాలు కూడా తరచుగా అక్కడే దొరుకుతాయి.