ఫైబరు వెనుక తలుపు – స్వయంగా నేర్చుకునే పాఠం
నాలుగో భాగం: తలుపును జీపుకు నిలబెట్టడం

గత భాగంలో అచ్చు నుంచి తీసిన తలుపును చదునైన బల్ల మీద, నీడలో, కనీసం వారం రోజులు ఉంచిన తరువాతే ఈ పని మొదలుపెట్టాలి. రెజిన్, అంటే ఫైబరులోని గాజు పోగులను పట్టి ఉంచే జిగురు, పైకి గట్టిగా కనిపించినా లోపల ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది. ఆ దశలో బోల్టు బిగిస్తే వాషరు కింద ఫైబరు మెల్లగా అణిగిపోయి బిగింపు వదులవుతుంది. శ్రీకాకుళం తీరంలో గాలి తేమగా ఉండే రోజుల్లో మరికొంత ఆగడమే మేలు. ఉపరితలం వేలికి జిగురుగా తగిలినంత కాలం డ్రిల్లు జోలికి పోవద్దు.

ముందుగా కొలవవలసింది తలుపును కాదు, జీపు వెనుక చట్రాన్ని. మెళియాపుట్టి, మందస కొండదారుల్లో ఏళ్ల తరబడి తిరిగిన పాత మహీంద్రా జీపు బాడీ ఎంతో కొంత ఒక మూలకు ఒరిగి ఉండవచ్చు. బండిని జాకీ మీద కాక, చదునైన నేలపై నాలుగు చక్రాల మీదా నిలిపి, తలుపు ఖాళీకి రెండు కర్ణాలనూ టేపుతో కొలవండి. రెండింటికీ తేడా ఐదు మిల్లీమీటర్లు దాటితే చట్రాన్నే సరిచేయించాలి. తలుపు అంచు అరగదీసి సర్దితే, మనం ఎంతో శ్రమపడి పరిచిన గాజు మ్యాట్ పోగులు బయటపడి నీరు తాగుతాయి. చట్రం సరిగా ఉంటే చుట్టూ ఐదు మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు పెట్టి, తలుపును వాటి మధ్య నిలిపి అంటించే టేపుతో కట్టండి.

ఇక మడతబందులు. ఈ పాఠంలో అసలు విషయం ఇదే. ఒకేచోట ఒత్తిడి పడితే ఉక్కు రేకు వంగి సర్దుకుంటుంది, ఫైబరు మాత్రం రంధ్రం చుట్టూ చీలుతుంది. అందుకే తలుపు బరువు బోల్టుల మీద కాక, లోపలి వైపు పెట్టే మూడు మిల్లీమీటర్ల ఇనుప పలక మీద పడేలా చూడాలి. ఆ పలక మడతబందు కంటే అన్ని వైపులా కనీసం రెండు వేళ్ల వెడల్పు ఎక్కువగా ఉండాలి, దానికి తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు పూయాలి. బాడీ వైపు రేకు వెనుక కూడా ఇటువంటి పలకే కావాలి. రెండు మడతబందులను వీలైనంత దూరంగా పెట్టి, దారానికి బరువు కట్టి వేలాడదీసి, రెండింటి పిన్నులూ ఒకే నిలువు గీతలో ఉన్నాయో లేదో చూడండి. గీత తప్పితే తలుపు మూసిన ప్రతిసారీ ఫైబరు మెలిపడుతుంది. స్టెప్నీ చక్రాన్ని మాత్రం ఈ తలుపుకు ఎంతమాత్రం తగిలించవద్దు. దానికి బాడీకి బిగించే వేరే ఇనుప ఫ్రేము ఉండాలి.

గుర్తు మీద టేపు అంటించి, వెనుక చెక్క ముక్క ఆన్చి, మూడు మిల్లీమీటర్ల బిట్టుతో మొదలుపెట్టి, ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టుకు తొమ్మిది మిల్లీమీటర్ల వరకు రంధ్రాన్ని పెంచండి. మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. రంధ్రం లోపలి అంచుకు రెజిన్ పూయడం మరువవద్దు. కళింగపట్నం, భావనపాడు తీరాల్లో ఫైబరు పడవలు బాగుచేసేవారిని అడిగితే, పచ్చిగా వదిలిన రంధ్రం గుండా పోగుల వెంట నీరు ఎలా పాకుతుందో చూపించగలరు. లోపల నైలాన్ రింగు ఉండే ఇనుప నట్లు వాడండి. వాషరు అంచు ఫైబరులో దిగబడేంతగా బిగించకూడదు.

చుట్టూ రబ్బరు బీడింగు అందం కోసం కాదు. బండి ముందుకు పోతున్నప్పుడు వెనుక గాలి పీడనం తగ్గి, దుమ్ముతో పాటు సైలెన్సరు పొగ కూడా సందుల గుండా లోపలికి లాగబడుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, వెనుక సీట్లో కూర్చునేది చాలాసార్లు పిల్లలే. సన్నని కాగితపు ముక్కను సందులో పెట్టి తలుపు మూసి లాగండి. అడ్డు లేకుండా వచ్చేసిన ప్రతిచోటా బీడింగు ఒత్తుకోలేదని అర్థం. అక్కడ మడతబందు కింద పలుచని రేకు ముక్క చేర్చడమో, తీయడమో చేసి మళ్లీ పరీక్షించండి. రాత్రి లోపల టార్చి వెలిగించి బయటి నుంచి చూస్తే మిగిలిన సందులు కూడా తెలుస్తాయి.

తలుపు తొంభై డిగ్రీలకు మించి తెరుచుకోకుండా గట్టి కాన్వాసు బెల్టు కట్టండి. తీరపు ఈదురుగాలికి ఒక్కసారి విసురుగా తెరుచుకుంటే మడతబందు దగ్గర ఫైబరు చీలవచ్చు. గతుకుల దారిలో ఒకటి రెండుసార్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ పరీక్షించండి. వచ్చే భాగంలో లాకు, దాని కొక్కెం బిగించడం నేర్చుకుందాం. అప్పటివరకు తలుపును రెండు బెల్టులతో కట్టి మాత్రమే బండి నడపండి.