ఉంగరాల జుట్టుకు పనంతా తడి మీదే

గిరజాలు తిరిగే జుట్టు ఉన్నవాళ్లు చాలామంది తమది "రేగిపోయే జుట్టు" అని ఖాయం చేసుకుని ఉంటారు. ఆరాక దువ్వుతారు, ఉబ్బిపోతుంది. ఉబ్బు అణగాలని నూనె రాస్తారు, జిడ్డవుతుంది. చివరికి బిగించి జడ వేసేస్తారు. తప్పు జుట్టుది కాదు, దువ్విన వేళది.

వెంట్రుక లోపల కెరటిన్ అనే ప్రొటీన్ పోగులను పట్టి ఉంచే బంధాల్లో హైడ్రోజన్ బంధాలు ఒక రకం. తడి తగలగానే అవి ఊడిపోతాయి, ఆరుతుంటే మళ్లీ పడతాయి. అవి పడే సమయంలో పాయ ఏ వంపులో ఉందో, మళ్లీ తడిసేదాకా దాదాపు అదే వంపు నిలుస్తుంది. తడిగా ఉన్నప్పుడు పాయలను కుదురుగా పేర్చి, ఆరేదాకా కదపకుండా వదిలేస్తే ఉంగరాలు వస్తాయి. ఆరాక దువ్వితే కుదురుకున్న పాయ వెంట్రుక వెంట్రుకగా విడిపోతుంది. మనం రేగడం అనేది దాన్నే.

మీ జుట్టు అసలు తీరు తెలియాలంటే ఒకసారి షాంపూ, కండిషనర్ పెట్టి కడిగి, ఇంకేమీ రాయకుండా, చెయ్యి పెట్టకుండా ఆరనివ్వండి. తమది సాఫు జుట్టే, కాకపోతే మొద్దుగా ఉంటుంది అనుకునేవాళ్లలో కొందరికి మెడ దగ్గరి పాయల్లో స్పష్టమైన అలలు కనిపిస్తాయి. ఆండ్రే వాకర్ అనే అమెరికన్ హెయిర్ స్టైలిస్ట్ పేరుతో చలామణిలో ఉన్న అంకెల పద్ధతిలో సాఫు జుట్టు 1, అలలు 2, ఉంగరాలు 3, బిగుతు చుట్లు 4. ఆ అంకె కంటే ఒక్కో వెంట్రుక ఎంత సన్నం, ఎంత లావు అన్నదే రోజువారీ పనికి ఎక్కువ అక్కరకొస్తుంది. ఒక వెంట్రుకను రెండు వేళ్ల మధ్య నలిపి చూడండి. ఉన్నట్టే తెలియకపోతే సన్నం, దారంలా తగిలితే లావు. సన్నటి వెంట్రుక ఏది రాసినా బరువెక్కి వాలిపోతుంది. లావుది ఎంత రాసినా తాగేస్తుంది.

తలస్నానం

వంపు తిరిగిన వెంట్రుక మీద మాడులో ఊరే నూనె చివరిదాకా జారదు. పైగా వంపు దగ్గర వెంట్రుకను కప్పే పొలుసులు కొద్దిగా లేచి, లోపలి తేమ త్వరగా పోతుంది. అందుకే మాడు జిడ్డుగా, చివర్లు గడ్డిలా ఉంటాయి. ఈ రెండింటినీ విడివిడిగా చూసుకోవాలి. షాంపూ మాడుకు, కండిషనర్ పొడవుకు.

అలల జుట్టయితే రెండు మూడు రోజులకోసారి, బిగుతు ఉంగరాలయితే వారానికోసారి కడిగితే చాలు. చెమట ఎక్కువ పట్టేవాళ్లు ఇంకా ముందే కడగొచ్చు. షాంపూను అరచేతిలో నీళ్లతో పలచన చేసి, వేలి కొసలతో మాడు మీద మాత్రమే రుద్దండి. కడిగేటప్పుడు జారే నురగే పొడవుకు సరిపోతుంది. జుట్టంతా నెత్తి మీద కుప్పపోసి రుద్దితే చిక్కులు పడతాయి, చివర్లు విరుగుతాయి.

సోడియం లారిల్ సల్ఫేట్ ఉన్న షాంపూలు జిడ్డును బాగా లాగేస్తాయి, పొడి జుట్టుకు రోజూ పనికిరావు. సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్, కోకామిడోప్రొపైల్ బీటైన్ లాంటివి పదార్థాల జాబితాలో ముందు వరసలో ఉన్న షాంపూలు మెత్తగా శుభ్రం చేస్తాయి. అలాగని సల్ఫేట్‌ను విషంలా చూడొద్దు. జెల్లు, నూనెలు, సిలికాన్లు పొరలుగా పేరుకున్నప్పుడు నెలకోసారి గట్టి షాంపూ కావాలి. షాంపూ పూర్తిగా మానేసి కండిషనర్‌తోనే కడిగే పద్ధతి బిగుతు చుట్లకు కొంతవరకు నప్పుతుంది. సన్నటి అలల జుట్టుకు, చుండ్రు ఉన్నవాళ్లకు మాత్రం అది నప్పదు. మాడు మీద జిడ్డు, పొట్టు మిగిలిపోయి దురద మొదలవుతుంది.

నీళ్లు గట్టివైతే, అంటే లవణాలు ఎక్కువగా ఉంటే, వాటిలోని కాల్షియం, మెగ్నీషియం వెంట్రుక మీద పొరగా పడతాయి. జుట్టు కడిగిన కాసేపటికే బిరుసుగా, కాంతి లేకుండా ఉండి, రాసింది ఏదీ పట్టకపోతే మొదట నీళ్లనే అనుమానించండి. దానికి కీలేటింగ్ (లోహాలను పట్టి లాగేసేది) అని రాసి ఉన్న షాంపూ నెలకోసారి వాడాలి. మామూలు షాంపూల జాబితాలోనూ అలా లోహాలను పట్టే ఈడీటీఏ కనిపిస్తుంది కానీ, నిల్వ కోసం వేసే ఆ కొద్దిపాటితో ఈ పొర పోదు.

నూనె రాయడమంటే తలస్నానానికి ముందే. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, తడికి అది ఉబ్బే తీరును తగ్గిస్తుంది, ప్రొటీన్ కొట్టుకుపోకుండా కాస్త కాపాడుతుంది. భుజాల దాకా ఉన్న జుట్టుకు రెండు చెంచాలు, చెవుల కింది నుంచి చివర్లకు, ఒక గంట ముందు రాస్తే సరిపోతుంది.

ఇక కండిషనర్. ఇక్కడే ఎక్కువమంది పిసినారితనం చూపిస్తారు. భుజాల దాకా జుట్టుకు 15 నుంచి 20 మిల్లీలీటర్లు పట్టొచ్చు. జుట్టు నీళ్లు కారుతుండగా నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగానికి చెవుల కింది నుంచి పట్టించండి. ముందు వేళ్లతో, తర్వాత వెడల్పాటి పళ్ల దువ్వెనతో చిక్కు తీయండి. చివర్ల దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి రావాలి, పైనుంచి లాగితే చిక్కంతా కిందికి చేరి ముడిపడుతుంది. దువ్వెన పట్టాల్సిన సమయం ఇదొక్కటే. తర్వాత గుప్పిట్లో నీళ్లు పట్టి, చివర్ల నుంచి పైకి జుట్టును నొక్కుతూ వదులుతూ ఉంటే చపక్ చపక్‌మని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు రాలేదంటే నీళ్లు తక్కువయ్యాయి. మూడు నాలుగు నిమిషాలాగి గోరువెచ్చని నీళ్లతో కడిగేయండి. సన్నటి జుట్టుకు పూర్తిగా, లావు జుట్టుకు కాస్త జారుడు మిగిలేలా. చల్లనీళ్లు పొలుసులను మూసేస్తాయన్న మాట పట్టుకుని వణకనక్కర్లేదు. పొలుసులు అణగడానికి కండిషనర్ చాలు.

జెల్ పెట్టడం

జుట్టు తుడవకముందే, నీళ్లు ఇంకా కారుతుండగానే జెల్ పెట్టాలి. తువ్వాలుతో తుడిచి, సగం ఆరాక పెడితే అప్పటికే పాయలు విడిపోయి ఉంటాయి. జెల్ వాటిని ఆ విడిపోయిన తీరులోనే బిగించేస్తుంది. జెల్ పెట్టినా రేగిందని బాధపడేవాళ్లు ముందుగా చూసుకోవలసింది ఇదే.

భుజాల దాకా జుట్టుకు రెండు చెంచాల జెల్‌తో మొదలుపెట్టండి. రెండు అరచేతులకూ పూసుకుని, పాయను అరచేతుల మధ్య ఉంచి పైనుంచి కిందికి నిమరాలి. మెడ దగ్గరి పొర, పక్కలు, చివరిగా నెత్తి మీది పై పొర. ఎండకూ గాలికీ ముందు బలయ్యేది పై పొరే, కానీ చేతిలో జెల్ అయిపోయాక దాని వంతు వస్తుంది. దానికి విడిగా కొంచెం తీసుకోండి. తర్వాత తల పక్కకు వంచి, చివర్లను గుప్పిట్లోకి తీసుకుని మాడు వైపు నొక్కి అయిదు లెక్కపెట్టేదాకా పట్టి వదలండి. పాయలు తాళ్లలా కలిసి కనిపించాలి. కలవకపోతే ఇంకాస్త జెల్ కాదు, గుప్పెడు నీళ్లు చల్లండి.

క్రీములు లావు ఉంగరాలకు బాగుంటాయి. అలల జుట్టుకు మాత్రం క్రీము బరువై మధ్యాహ్నానికి అలలు సాగిపోతాయి, ఒక్క జెల్ చాలు. గాలిలో తేమ బాగా ఉన్న రోజుల్లో, జాబితా మొదటి నాలుగైదింట్లో గ్లిజరిన్ ఉన్న జెల్ ఆ తేమను లాక్కుని జుట్టును ఉబ్బిస్తుంది. అలాంటి వాతావరణంలో గ్లిజరిన్ లేనిది వెతుక్కోండి.

ఇంట్లో చేసుకోవాలంటే అవిసె గింజల జెల్ చక్కగా కుదురుతుంది. పావు కప్పు గింజలు, రెండు కప్పుల నీళ్లు మధ్యస్థం మంట మీద పెట్టి కలుపుతూ ఉండండి. మరిగాక ఏడెనిమిది నిమిషాల్లో గరిటె నుంచి గుడ్డు తెల్లసొనలా తీగలుగా జారుతుంది. వెంటనే దించి, వేడిగా ఉండగానే వడకట్టాలి. చల్లారితే చిక్కబడి గుడ్డలోంచి దిగదు. చేతులు కాలకుండా గరిటెతో నొక్కండి. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, పుల్లటి వాసన వస్తే పారేయండి.

ఆరబెట్టడం

తువ్వాలుతో రుద్దితే దాని పోగులు పాయలను చెదరగొడతాయి. పాత కాటన్ టీషర్టు మంచం మీద పరిచి, వంగి, జుట్టును దాని మధ్యలో మడతలుగా పడేలా దించి, టీషర్టు చేతులను మెడ వెనక ముడి వేయండి. 10 నుంచి 15 నిమిషాలు చాలు. ఎక్కువసేపు ఉంచితే కుదుళ్ల దగ్గర జుట్టు చదునుగా అతుక్కుపోతుంది.

ఆ తర్వాత గాలికి ఆరనివ్వొచ్చు, లేదా డ్రయ్యర్‌కు డిఫ్యూజర్ (గాలిని చెదరగొట్టే గిన్నెలాంటి మూతి) తగిలించొచ్చు. తక్కువ వేడి, తక్కువ వేగం. మొదటి పది నిమిషాలు డిఫ్యూజర్‌ను జుట్టుకు తగలనివ్వకుండా చుట్టూ తిప్పండి, పైన జెల్ పొర కట్టాలి. తర్వాత కింది నుంచి పాయలను గిన్నెలోకి తీసుకుని మాడు దాకా ఎత్తి, అరనిమిషం ఉంచి, డ్రయ్యర్ ఆపి దించండి. ఆన్‌లో ఉండగా దించితే గాలి పాయలను చెదరగొడుతుంది. కుదుళ్లు చదునుగా ఉండేవాళ్లు ఆరేటప్పుడు నెత్తి మీద నాలుగైదు చిన్న క్లిప్పులతో కుదుళ్లను పైకెత్తి ఉంచితే ఎత్తు వస్తుంది.

ఈ మధ్యలో చెయ్యి పెట్టకూడదు. ఇది చెప్పడం తేలిక, పాటించడమే కష్టం. జుట్టు గట్టిగా, కరకరలాడుతూ కనిపించి కంగారుపడతారు. అలా కనిపించాలి. ఆ గట్టి పొర లోపలే ఉంగరం బిగుసుకుంటోంది. పూర్తిగా ఆరిందో లేదో కుదుళ్ల దగ్గర వేలు పెట్టి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. నిండుగా ఆరాక రెండు మూడు చుక్కల నూనె అరచేతులకు రాసుకుని, గుప్పిళ్లతో నొక్కుతూ ఆ పొరను విరవండి. కరకర పోయి మెత్తటి ఉంగరాలు మిగులుతాయి. తడి ఉండగా విరిస్తే చేసిన పనంతా పోతుంది.

మర్నాటికి

పడుకునేటప్పుడు జుట్టును నడినెత్తిన చేర్చి, మెత్తటి గుడ్డ బ్యాండుతో ఒక్క చుట్టు వదులుగా వేయండి. పొట్టి జుట్టుకు శాటిన్ టోపీ, లేదా శాటిన్ దిండు గలీబు. పొద్దున అణిగిపోయిన పాయలను మాత్రమే నీళ్లు స్ప్రే చేసి తడిపి, వేలికి చుట్టి వదలండి. తల మొత్తం సగం సగం తడిపితే జెల్ ఊడిపోయి, మొదటి నుంచి చేయాల్సి వస్తుంది.

తేడా వస్తే

తెల్లటి పొట్టు రాలుతోందంటే అన్నిసార్లూ చుండ్రు కాదు. కండిషనర్, జెల్ ఒకదానితో ఒకటి కలవకపోయినా అలాగే అవుతుంది. రెండిటినీ చుక్క చుక్క అరచేతిలో వేసి రుద్దండి. ఉండలుగా విరిగితే ఆ జత పనికిరాదు.

తడి వెంట్రుకను మెల్లగా లాగితే కొంచెం సాగి వెనక్కి రావాలి. బంకలా సాగి తిరిగి రాకుండా తెగిపోతోందంటే, ముఖ్యంగా రంగు, బ్లీచ్ వేసుకున్న జుట్టయితే, హైడ్రొలైజ్డ్ (చిన్న ముక్కలుగా విడగొట్టిన) ప్రొటీన్ ఉన్న మాస్క్ రెండు మూడు వారాలకోసారి పెట్టండి. సాగకుండానే పుటుక్కున తెగుతూ, బిరుసుగా ఉంటే ప్రొటీన్ ఆపి కండిషనర్ పెంచండి.

రబ్బరు బ్యాండు తడి జుట్టు మీద వేస్తే అక్కడే గాడి పడుతుంది, అక్కడే విరుగుతుంది. స్ట్రెయిట్‌నర్ తడి మీద పెట్టడం అంతకంటే చెడ్డది. వెంట్రుక లోపలి నీళ్లు మరిగి బుడగలు కడతాయి, ఆ బుడగ దగ్గర వెంట్రుక విరిగిపోతుంది. వేడికి పాడై ఉంగరం పోయిన భాగాన్ని ఏ మాస్కూ తిరిగి తేలేదు, కత్తిరించడమే దారి.

కత్తిరింపు పొడి జుట్టు మీద, మీ ఉంగరాలు మామూలుగా ఉన్న తీరులో చేయించండి. తడిపి లాగి కత్తిరిస్తే, ఆరాక ఒక్కో పాయ ఒక్కో ఎత్తుకు ముడుచుకుంటుంది, నుదుటి మీది జుట్టయితే రెండంగుళాలు పైకి పోయినా ఆశ్చర్యం లేదు. పలచన చేసే పళ్ల కత్తెర వద్దని ముందే చెప్పండి. అది మధ్యలో వదిలే పొట్టి వెంట్రుకలు పాయలో కలవక పైకి లేస్తాయి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, పాడైన పొడవంతా పోయి మెడ దాకా కొత్త ఉంగరాలు రావడానికి రెండేళ్లు పట్టొచ్చు. ఒకేసారి పొట్టిగా కత్తిరించడం ఇష్టంలేనివాళ్లు మూడు నెలలకోసారి రెండేసి సెంటీమీటర్లు తీయిస్తూ, ఈలోగా సాఫుగా ఉండిపోయిన చివర్లను తడి మీద వేళ్లకు చుట్టి ఆరబెట్టుకుంటే కొత్త జుట్టుతో కలిసిపోతాయి.